పోయిన బంగారు నగను మెటల్ డిటెక్టర్‌తో వెతకడం: మొదటి గంట నుంచి చివరి గుంట దాకా

నగ పోయిందని తెలిసిన మరుక్షణం ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగు అంతా దిగి ఆ చోటంతా తొక్కుతూ వెతుకుతారు. ప్రేమతో చేసే పనే అది. కానీ తడి నేల మీద ఒక్క పాదం పడితే చాలు, అప్పటిదాకా పైనే ఉన్న దిద్దు మట్టిలోకి దిగిపోతుంది. అందుకే ముందుగా అందరినీ బయటికి రమ్మనండి.

నేను డెల్టా పల్లెలో ఉంటాను. చుట్టాల కోసం, ఊరివాళ్ల కోసం డిటెక్టర్ పట్టుకుని చాలా చేలల్లో, పెరళ్లలో తిరిగాను. మెషీన్‌కి ఒకసారికి అందేది జానెడు వెడల్పు నేల. లోతు బెత్తెడు, మహా అయితే జానెడు. ఎకరం పొలంలో ఆ జానెడు ఎక్కడ పెట్టాలో చెప్పాల్సింది మనిషే. దొరికిన ప్రతిసారీ సగం పని మెషీన్ ఆన్ చేయకముందే అయిపోయింది. అందుకని ఇక్కడ బటన్ల గురించి కంటే వాటికి ముందు చేసే పనుల గురించే ఎక్కువ చెబుతాను.

మొదటి గంట

చివరిగా నగ ఉందని గట్టిగా తెలిసిన చోట ఒక పుల్ల పాతండి. లేదని గమనించిన చోట ఇంకోటి. మేకులు వద్దు, చెక్క పుల్లలే వాడండి, ఇనుమైతే తర్వాత డిటెక్టర్‌కి అడ్డమవుతుంది. ఆ రెండు పుల్లల మధ్య నడిచిన దారినంతా ఫోన్‌లో ఫొటోలు తీయండి. ఆ చోట ఊడ్చడం, నీళ్లు పెట్టడం, దున్నడం అన్నీ ఆపించండి. ఆ రోజు ఊడ్చిన చెత్త అప్పటికే బుట్టలో ఉంటే పారేయకుండా గోనెసంచిలో కట్టి పక్కన పెట్టండి.

చీకటి పడ్డాక టార్చ్‌ని నేలకు ఆనించి అడ్డంగా వెలుగు వేసి చూడండి. పైనుంచి వేస్తే అంతా ఒకేలా కనిపిస్తుంది. అడ్డంగా వేస్తే చిన్న రాయికి కూడా పొడవాటి నీడ పడుతుంది, బంగారం మెరుస్తుంది. గచ్చు మీద, గడ్డి మీద చాలా నగలు ఈ ఒక్క పనితోనే దొరుకుతాయి.

ఇంటి లోపల పోతే డిటెక్టర్ జోలికి వెళ్లకండి. స్లాబులో, స్తంభాల్లో ఉన్న ఇనుప చువ్వలకు అది మోగుతూనే ఉంటుంది. సింకు కింద వంపు తిరిగిన గొట్టం విప్పి చూడండి, బరువైన నగ ఆ వంపులోనే ఆగుతుంది. వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి పల్చటి సాక్సు కట్టి మంచాల కింద తిప్పితే చిన్న దిద్దు ఆ గుడ్డకే అతుక్కుంటుంది.

పోగొట్టుకున్న మనిషితో మాట్లాడటం

చాలామంది దాటేసే అడుగు ఇదే. నేను మాత్రం దీనికి కనీసం అరగంట కేటాయిస్తాను.

ఒకసారి మా వదిన మినప చేలో కలుపు తీస్తుంటే చెవి దిద్దు పోయింది. ఆమె ఆరోజు కూర్చున్న సాళ్లన్నీ రెండు రోజులు వెతికాం. మాత్రల రేకులు, ఒక పాత తాళంచెవి దొరికాయి, దిద్దు దొరకలేదు. మూడో రోజు మెషీన్ పక్కన పెట్టి, “వదినా, పొద్దున చేలో దిగిన దగ్గర్నుంచి ఏమేం చేశావో వరసగా చెప్పు” అని అడిగాను. చెబుతూ చెబుతూ, “ఎండెక్కాక గట్టు మీద కూర్చుని తలగుడ్డ విప్పి దులిపాను కదా” అంది. దిద్దు గట్టు పక్కన గడ్డి మొదట్లో ఉంది. తలగుడ్డ దారానికి తట్టుకుని, దులిపినప్పుడు ఎగిరి పడింది. మేం వెతికిన సాళ్లకీ దానికీ చాలా దూరం.

అప్పటినుంచి “ఎక్కడ పోయింది?” అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకు అందరూ ఊహ చెబుతారు, దాన్నే నిజమని నమ్ముతారు. చేతులు, తల, బట్టలు ఎప్పుడెప్పుడు కదిలాయో అడగాలి. ఎక్కడ వంగారు? పైట ఎక్కడ సర్దుకున్నారు? జడ ఎక్కడ విప్పారు? పిల్లాణ్ని ఎక్కడ ఎత్తుకున్నారు? చేతులు కడిగి విదిలించింది ఎక్కడ? నూనె, సబ్బు రాసుకున్నారా? ఉంగరం ఎక్కువగా జారేది తడి చేతిని విదిలించినప్పుడే. దిద్దు పోయిందంటే వెనక శీల వదులై ఉంటుంది. శీల ముందు పడి, దిద్దు తర్వాత ఇంకోచోట పడుతుంది. కాబట్టి శీల దొరికిన చోటే దిద్దు ఉండాలని లేదు. గొలుసు తెగితే ఒక్కోసారి వెంటనే నేల మీద పడదు. జాకెట్టులోకో, చీర కుచ్చిళ్లలోకో జారి, లేచి నడిచినప్పుడు పడుతుంది.

పెళ్లిలోనో పిక్నిక్‌లోనో పోయిందా? అయితే ఆరోజు ఫోన్లలో తీసిన ఫొటోలు వరసగా చూడండి. మెడలో గొలుసు కనిపించిన చివరి ఫొటో, కనిపించని మొదటి ఫొటో దొరికితే ఆ రెండింటి మధ్య ఉన్న సమయమే మీకు కావాల్సింది. ఫొటో తీసిన ఫోన్‌లోనే టైమ్ చూడండి, వాట్సాప్‌లో వచ్చిన కాపీ మీద అసలు టైమ్ ఉండదు.

కోపంలో విసిరేసిన ఉంగరాలు కూడా ఉంటాయి. ఆ మాట చెప్పడానికి మనుషులు ఇబ్బంది పడతారు, కాబట్టి పదిమందిలో అడగకండి. విసిరిన మనిషిని అదే చోట నిలబెట్టి, అంతే బరువున్న ఇత్తడి వాషర్‌కి ఎర్ర రిబ్బను కట్టి నాలుగైదుసార్లు విసరమనండి. అవి పడిన చోట్లన్నీ కలిపి గిరి గీస్తే వెతకాల్సిన నేల తేలుతుంది. వాషర్లన్నీ లెక్కపెట్టి ఏరేశాకే డిటెక్టర్ ఆన్ చేయండి.

మెషీన్‌కి ఏం తెలుసు, ఏం తెలియదు

డిటెక్టర్ కింద పళ్లెంలా ఉండే భాగాన్ని కాయిల్ అంటారు. అందులోని తీగచుట్టలో మారుతూ ఉండే కరెంటు నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. ఆ క్షేత్రంలో లోహం ఉంటే దానిలో చిన్న చిన్న సుడుల్లా కరెంటు పుడుతుంది. ఆ సుడుల నుంచి తిరిగొచ్చే క్షేత్రాన్ని ఇంకో తీగచుట్ట పట్టి శబ్దంగా వినిపిస్తుంది. మెషీన్‌కి తెలిసేది అంతే. అది బంగారమని చెప్పదు. కరెంటు ఎంత బాగా పారింది, వస్తువు ఎంత పెద్దది, ఏ ఆకారంలో ఉంది అనేవి కలిసి ఒక అంకెగా తెర మీద వస్తాయి. చిన్న బంగారు నగకు వచ్చే అంకె చాలా మెషీన్లలో ఇనుము కంటే పైన, వెండి నాణెం కంటే కింద ఉంటుంది. మాత్రల రేకు, అల్యూమినియం ముక్కలు కూడా సరిగ్గా అక్కడే వస్తాయి. చెత్త మోగకూడదని రేకుల అంకెలను తీసేస్తే మీ నగను కూడా మీరే తీసేసినట్టు.

ఆకారం సంగతి ఇంకా ముఖ్యం. ఉంగరం పూర్తి చుట్టు కాబట్టి కరెంటు దానిలో సులువుగా తిరుగుతుంది, శబ్దం గట్టిగా వస్తుంది. గొలుసు అలా కాదు. సన్నటి గొలుసులో ఒక్కో లంకెనూ మెషీన్ విడివిడిగా చూస్తుంది. రెండు కాసుల సన్న గొలుసు కంటే రెండు గ్రాముల ఉంగరమే గట్టిగా మోగవచ్చు. పుస్తెలతాడు పోతే తాడు కోసం కాక పుస్తెల కోసం, గుండ్ల కోసం వినండి. నల్లపూసలు, పగడాలు, పసుపు తాడు అసలు మోగవు.

మామూలుగా దొరికే డిటెక్టర్లలో తక్కువ ఫ్రీక్వెన్సీవి, సుమారు 7 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేసేవి, పెద్ద వస్తువులకు బాగుంటాయి. చిన్న బంగారానికి 15 కిలోహెర్ట్జ్, ఆపైనున్నవి నయం. ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలు వాడేవైతే ఇంకా మంచివి. పల్స్ ఇండక్షన్ అనే ఇంకో రకం ఉప్పు తడిని, నల్ల ఇసుకను బాగా తట్టుకుంటుంది, కానీ ఇనుమునీ బంగారాన్నీ విడదీసి చెప్పడం దానికి సరిగా రాదు. సెక్యూరిటీ గార్డులు వాడే చేతి డిటెక్టర్ కూడా పనికొస్తుంది, గడ్డి, ఊక, పెంట లాంటివి పట్టా మీద పల్చగా పరిచి దగ్గరగా తిప్పగలిగితే.

ఇంత దూరం నుంచే బంగారాన్ని పసిగడుతుందని చెప్పే యాంటెన్నా కడ్డీలకు ఒక్క రూపాయి ఇవ్వకండి. ఏ పని చేయని అలాంటి పరికరాలను బాంబు డిటెక్టర్లని ఇరాక్‌కి అమ్మిన జేమ్స్ మెకార్మిక్ అనే వ్యాపారికి 2013లో బ్రిటన్ కోర్టు పదేళ్ల జైలు వేసింది. లోపల ఏమీ లేని ఆ కడ్డీని నమ్మి మనుషుల ప్రాణాలు పోయాయి. నగ పోయిన బాధలో ఉన్న కుటుంబం దగ్గర అలాంటి దానికి డబ్బు గుంజడం చూస్తే నాకు చాలా కోపం వస్తుంది.

మంచి మెషీన్ ఉన్నా చోటు తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఒక పాత సంగతి ఉంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ని కాల్చినప్పుడు ఒంట్లో గుండు ఎక్కడుందో తెలుసుకోవడానికి టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ స్వయంగా ఒక డిటెక్టర్ తయారుచేసి తెచ్చాడు. పరుపులోని ఉక్కు తీగలు దాన్ని తికమకపెట్టాయి. పైగా గుండు కుడి పక్కే ఉందని డాక్టర్ గట్టిగా నమ్మి ఆ పక్కే వెతకనిచ్చాడు. గుండు ఉన్నది ఎడమ పక్కన. మా వదిన సాళ్లలో మేం చేసిన పొరపాటూ అదే.

జత దిద్దుతో పరీక్ష

దిద్దులు, కమ్మలు, బుట్టలు పోతే మీకు ఒక అదృష్టం ఉంది, రెండోది ఇంట్లోనే ఉంది. దాన్ని పల్చటి ప్లాస్టిక్ సంచిలో వేసి, సంచికి పొడవాటి ఎర్ర దారం కట్టి, నగ పోయిన నేలలోనే ఒక పక్క బెత్తెడు లోతున పెట్టి మట్టి కప్పండి. దారం కొస పైన పుల్లకు కట్టి ఉంచండి. ఇప్పుడు మెషీన్ తిప్పి ఆ శబ్దం వినండి, తెర మీద అంకె రాసుకోండి. ఇంకాస్త లోతు పెంచి మళ్లీ వినండి. ఎంత లోతులో శబ్దం ఆగిపోతుందో తెలిస్తే మీ మెషీన్ ఎంతవరకు చూడగలదో తెలిసినట్టే.

ఉంగరం, గొలుసు పోతే ఇంట్లోవాళ్ల దగ్గర అలాంటివే ఉన్నవి అడిగి చూడండి. 22 క్యారెట్ల నగ పోతే 22 క్యారెట్లదే కావాలి. బంగారంలో రాగి, వెండి కలిసే కొద్దీ కరెంటు పారే తీరు చాలా మారుతుంది.

మెషీన్ సిద్ధం చేయడం

మీ చేతి ఉంగరం, గడియారం తీసేయండి. ఇనుప బకిల్ ఉన్న బెల్టు, ముందు ఇనుము ఉన్న బూట్లు వద్దు. ఫోన్ ఇంకొకరికి ఇవ్వండి. పైన కరెంటు తీగలు, దగ్గరలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే మెషీన్ ఊరికే కూస్తుంది. అలాంటి చోట సెన్సిటివిటీ (మెషీన్ ఎంత చిన్న సంకేతానికి మోగాలో పెట్టే అమరిక) తగ్గించక తప్పదు.

లోహం లేని చోట కాయిల్‌ని మోకాలి ఎత్తు నుంచి నేల దాకా నెమ్మదిగా ఎత్తుతూ దించుతూ గ్రౌండ్ బ్యాలెన్స్ చేయండి, నేల వల్ల వచ్చే శబ్దం ఆగేదాకా. ఆ తర్వాత సెన్సిటివిటీని కూత మొదలయ్యేదాకా పెంచి, అక్కడి నుంచి కొద్దిగా తగ్గించండి. డిస్క్రిమినేషన్ (కొన్ని లోహాలు మోగకుండా ఆపే అమరిక) పూర్తిగా తీసేసి అన్ని లోహాలూ మోగేలా పెట్టండి. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. సన్నగా, తెగి తెగి వచ్చే శబ్దమే చాలాసార్లు చిన్న నగ అవుతుంది, గాలి వీస్తుంటే చెవికి అది అందదు.

నేలను గీసి నడవడం

పురికొస తీసుకుని నేలను మీటరు వెడల్పు పట్టీలుగా కట్టండి. ఒక్కో పట్టీలో ఈ కొస నుంచి ఆ కొసకు నడవండి. కాయిల్ నేలకు రెండు వేళ్ల ఎత్తులో సమంగా ఉండాలి. చాలామంది ఊపు చివర చీపురు ఊపినట్టు కాయిల్‌ని పైకి లేపుతారు, అక్కడే నగలు తప్పిపోతాయి. ఒక ఊపుకు రెండు సెకన్లు. తర్వాతి ఊపుకు కాయిల్ సగం మాత్రమే ముందుకు జరగాలి.

లెక్క వేసి చూపిస్తాను. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న చోటు అనుకోండి. ఊపుకు 12 సెంటీమీటర్లు జరిగితే ఒక పట్టీకి 83 ఊపులు, సుమారు మూడు నిమిషాలు. పది పట్టీలకు అరగంట. తవ్వడం కలుపుకుంటే ఒక పూట పడుతుంది. అదే ఎకరమైతే ఇలాంటి చోట్లు నలభై. ముందు అరగంట మాట్లాడితే ఎన్ని పూటలు మిగులుతాయో దీన్ని బట్టే తెలుస్తుంది.

ఒకసారి పూర్తయ్యాక పట్టీలను అడ్డంగా కట్టి మళ్లీ తిరగండి. నిలువుగా నిలబడి పాతుకున్న ఉంగరం ఒక వైపు నుంచి వినిపించకపోయినా ఇంకో వైపు నుంచి వినిపిస్తుంది.

తవ్వడం

శబ్దం వచ్చిన చోట కాయిల్‌ని ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా తిప్పండి. రెండు గీతలు కలిసే చోట నగ ఉంటుంది. సరిగ్గా అక్కడే తాపీ గుచ్చకండి. 22 క్యారెట్ల బంగారం మెత్తన, గీత పడుతుంది, వంగుతుంది. నాలుగు వేళ్లు పక్కకు జరిగి, మట్టిని గడ్డగా ఎత్తి పట్టా మీద పెట్టండి. గునపం అసలు వద్దు. పిన్ పాయింటర్ అనే చిన్న చేతి డిటెక్టర్ ఉంటే గుంటలో, ఎత్తిన మట్టిలో ఏది మోగుతోందో వెంటనే చెబుతుంది. లేకపోతే మట్టిని పిడికెడు పిడికెడుగా తీసుకుని కాయిల్ మీదుగా తిప్పండి, అప్పుడు ఆ చేతికి గాజులు, ఉంగరాలు ఉండకూడదు.

ఒక రేకు దొరికిందని గుంట వదిలేయకండి. రేకు తీసి, మళ్లీ ఒకసారి వినండి. రేకు కింద దిద్దు ఉండటం నేను చూశాను. దీపావళి తర్వాత పెరళ్లలో కాకరపువ్వొత్తుల తీగలు, సోడా మూతలు చాలా మోగుతాయి. ఇప్పటి రూపాయి, రెండు రూపాయల నాణేలు స్టెయిన్‌లెస్ స్టీలువి, అవి కూడా తికమకపెడతాయి. ఓపిక పట్టి ప్రతిదీ తీసి డబ్బాలో వేస్తూ పోండి. గుంటలన్నీ పూడ్చండి, గడ్డి ఉంటే గడ్డను అలాగే తిరిగి పెట్టి తొక్కండి.

నేలను బట్టి మార్పులు

నల్లరేగడి ఎండాకాలం బీటలు వారుతుంది. ఆ బీటలో పడిన ఉంగరం మూరెడు లోతుకు కూడా పోతుంది, పైన తిప్పితే మెషీన్‌కి అందదు. బీటల్లోకి టార్చ్ వేసి చూడండి, పిన్ పాయింటర్‌ని లోపలికి దించండి. వాన పడితే బీటలు మూసుకుపోతాయి, ఆలోపే చేయాల్సిన పని ఇది.

ఎర్ర నేలల్లో ఇనుము పాళ్లు ఎక్కువ కాబట్టి గ్రౌండ్ బ్యాలెన్స్ పదిహేను ఇరవై అడుగులకొకసారి మళ్లీ చేయాలి. వరి మడిలో నాట్లప్పుడు పోతే నీళ్లు తీసేసి, బురద కాస్త గట్టిపడ్డాక వెతకండి. బురదలో నడిస్తే ఇంకా కిందకి తొక్కినట్టే. గట్టు మీద పలక వేసుకుని దాని మీద నుంచి కాయిల్ చాపడం మంచిది.

సముద్రపు ఒడ్డున నీటికి తడిసే ఇసుక ఉప్పువల్ల కరెంటును మోస్తుంది, ఒకే ఫ్రీక్వెన్సీ మెషీన్లు అక్కడ కూస్తూనే ఉంటాయి. భీమిలి వైపు ఇసుకలో నల్లటి బరువు ఖనిజాలు కూడా కలిసి ఉంటాయి. అక్కడ అనేక ఫ్రీక్వెన్సీలదో, పల్స్ ఇండక్షన్‌దో కావాలి. బంగారం ఇసుక కంటే ఆరేడు రెట్లు బరువు, ప్రతి అలకూ ఇంకాస్త దిగుతుంది. అందుకని అదే రోజు, నీరు వెనక్కి తీసినప్పుడు వెళ్లండి. చలికాలం చివర మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. కంచె కట్టిన చోట, మెత్తగా తవ్విన గుర్తు ఉన్న చోట చేయి పెట్టకండి.

కాలువలో పోతే పారే నీళ్లలోకి దిగకండి. నిలిచిన నీళ్లైనా మోకాలి లోతు మించితే వద్దు. ఎండాకాలం కాలువలు కట్టేశాక, అడుగు ఆరాక వెళ్లొచ్చు. బరువైన నగ చాలా దూరం కొట్టుకుపోదు, పడిన రేవు కింద రాళ్ల సందుల్లోనే ఆగుతుంది. చాలా మెషీన్లకు కాయిల్ తడవొచ్చు కానీ పైన తెర ఉన్న పెట్టె తడవకూడదు.

ఊరికి, చట్టానికి చెప్పి చేయండి

పొలం ఎవరిదైతే వాళ్ల అనుమతి ముందు తీసుకోండి. పగలే వెళ్లండి. సర్పంచ్‌కి, పక్క పొలాలవాళ్లకి నగ పోయిన సంగతి చెప్పండి. మన ఊళ్లలో డిటెక్టర్ కనిపిస్తే గుప్తనిధుల కోసమే వచ్చారనుకుంటారు, రాత్రిపూట అయితే గొడవలు కూడా అవుతాయి. నగ బిల్లు, పాత ఫొటో జేబులో ఉంటే మాట సులువవుతుంది.

గోల్కొండ, వరంగల్ కోట లాంటి రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వకూడదు. అక్కడ నగ పోతే సిబ్బందికి చెప్పి వాళ్ల ముందే పైపైన వెతకాలి. వెతుకుతుంటే పాత నాణేలో, కుండలో బయటపడితే అక్కడే ఆగండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దాచిన వస్తువు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. వేరేవాళ్ల నగ దొరికితే పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి. దొరికినదాన్ని దురుద్దేశంతో సొంతం చేసుకోవడం భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద నేరం.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట: అక్కడ నేషనల్ పార్కుల్లో డిటెక్టర్ వెంట తీసుకెళ్లడమే నిషేధం. ఊరి పార్కులకు, బీచ్‌లకు వేర్వేరు నియమాలు ఉంటాయి, ముందు అడిగి వెళ్లండి.

దొరికాక, దొరకకపోతే

దొరికిన నగను గుడ్డతో రుద్దకండి, మట్టిలోని ఇసుక గీతలు పెడుతుంది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో కడగండి. ముత్యాలు, పగడాలు ఉంటే నానబెట్టొద్దు, తడిగుడ్డతో తుడవండి. మీదేనా అని సందేహం ఉంటే బరువును బిల్లుతో పోల్చండి. 2021 జూలై తర్వాత కొన్న నగైతే దాని మీద ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ (హాల్‌మార్క్ చేసిన ఒక్కో నగకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉండొచ్చు, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వివరాలు వస్తాయి. రెండు గ్రాముల లోపు నగలకు మినహాయింపు ఉంది కాబట్టి చిన్న దిద్దుల మీద అది లేకపోవచ్చు. మళ్లీ పెట్టుకునే ముందు శీల, కొక్కెం కంసాలికి చూపించండి.

మొదటి రోజు దొరకకపోతే టెన్షన్ పడకండి. బంగారానికి తుప్పు పట్టదు. ఏ పట్టీ అయిపోయింది, ఏది మిగిలింది ఒక కాగితం మీద రాసి దాచండి. మంచి వాన పడ్డాక తడి నేలలో మెషీన్‌కి శబ్దం కాస్త బాగా అందుతుంది, అప్పుడు అదే చోట మళ్లీ తిరగండి. పొలమైతే దున్నించే ముందు ఒకసారి, దున్నిన తర్వాత మట్టి తిరగబడ్డాక ఇంకోసారి వెళ్లండి. ట్రాక్టర్ డ్రైవర్‌కి, కలుపుకొచ్చే అమ్మలకి నగ ఫొటో చూపించి చెప్పి ఉంచండి.